నవ్వేవాడు ఎక్కడ నిలబడ్డాడు? రబలే పుస్తకాల్లో కార్నివాల్ నవ్వు

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయే పుస్తకంలో ఒక పిల్లవాడు తల్లి ఎడమ చెవిలోంచి పుడతాడు. పుట్టగానే అందరు పిల్లల్లా క్యారుమనడు. "తాగడానికి! తాగడానికి! తాగడానికి!" అని ఊళ్ళకు ఊళ్ళు వినపడేలా అరుస్తాడు. పుస్తకం పేరు 'గార్గాంటువా'. రాసింది ఫ్రాన్స్‌కి చెందిన ఫ్రాన్స్వా రబలే. 1534 ప్రాంతంలో ల్యోన్ నగరంలో అచ్చయింది.

రబలే అప్పటికే చాలా జీవితం చూసినవాడు. కొన్నేళ్ళు మఠాల్లో సన్యాసిగా ఉన్నాడు. గ్రీకు నేర్చుకున్నాడు. మోంపెలియేలో వైద్యం చదివాడు. 1532లో ల్యోన్‌లోని పెద్దాసుపత్రి ఓతెల్ ద్యూలో డాక్టరుగా చేరాడు. ఆ ఏడాదే ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ వైద్య సూత్రాల్ని పరిష్కరించి ప్రచురించాడు. అదే ఏడాది తన మొదటి కథ 'పాంటగ్రుయెల్' కూడా బయటికొచ్చింది, తన పేరులోని అక్షరాల్ని అటూ ఇటూ మార్చి పెట్టుకున్న అల్కోఫ్రిబాస్ నాసియే అనే మారుపేరుతో. పొద్దున ఆసుపత్రిలో రోగుల పొట్టలు నొక్కి చూసిన చేతులే ఈ పొట్టల కథా రాశాయి. ఇది గుర్తుంచుకుంటే రబలే సగం అర్థమైనట్టే.

చాలామంది రబలేని మొదటిసారి చదివి అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇది బూతు కదా? దీన్ని గొప్ప సాహిత్యం అని ఎందుకంటారు?" న్యాయమైన ప్రశ్న. దీన్ని దాటేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఆయన పుస్తకాల్లో మలమూత్రాలున్నాయి, తాగుడుంది, తిట్లున్నాయి, తెగిన తలలున్నాయి. వాటిని "పైపై తొక్క, లోపల తత్త్వం ఉంది" అని చెప్పి సర్దేసే పండితులూ ఉన్నారు. ఎముక కొరికి లోపలి మూలుగ జుర్రుకునే కుక్కలాగా నా పుస్తకం చదవండి అని రబలే కూడా ముందుమాటలో అన్నాడు కాబట్టి వాళ్ళకి ఆధారం లేకపోలేదు. అయినా నేను వాళ్ళతో ఏకీభవించను. తొక్క తీసేస్తే అక్కడ రబలే మిగలడు.

ఆ పుట్టుక ఘట్టమే కాస్త నిదానంగా చూద్దాం.

గ్రాంగూజియే ఒక మహాకాయుడు, అంటే కొండంత మనిషి. అతని భార్య గార్గమెల్. ఆమెకి పదకొండో నెల. మార్డీ గ్రా పండక్కి ఉప్పేసి నిల్వ పెట్టుకోవడానికి ఇంట్లో 3,67,014 ఎడ్లని కోయించారు. ఆ చివరి పద్నాలుగు చూడండి. రబలే అంకెలన్నీ ఇలాగే ఉంటాయి, అంత పెద్ద అబద్ధానికి లెక్కలగుమస్తా రాసినంత కచ్చితత్వం. సరే, మాంసానికి ఉప్పు పెట్టొచ్చు. బోటీ సంగతేమిటి? పేగులు, పొట్ట నిల్వ ఉండవు, త్వరగా కంపు కొడతాయి. పారేయడం పాపం. అందుకని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళందర్నీ భోజనానికి పిలిచారు. సినే, సెయ్యే, వోగోద్రీ, లా రోష్ క్లెర్మో. ఇవి కల్పించిన పేర్లు కావు. షినోన్ పట్టణం దగ్గర రబలే పుట్టిన ఇల్లు లా దెవినియేర్ ఇప్పటికీ ఉంది. ఈ పల్లెలన్నీ ఆ చుట్టుపక్కలవే. చిన్నప్పుడు తను తిరిగిన ఊళ్ళవాళ్ళందర్నీ ఆయన తన కథలో బంతికి కూర్చోబెట్టాడు.

నెలలు నిండినదానివి, ఎక్కువ తినకు అని భర్త చెప్తాడు. మలం మోసిన సంచీని నమిలేవాడికి ఆ మలం మీదే ఆశ ఉన్నట్టు అని మొహం మీదే అంటాడు. ఆమె వినదు. పీపాల కొద్దీ తింటుంది. భోజనాలయ్యాక అందరూ విల్లో చెట్ల తోపులోకి పోయి, పచ్చిక మీద వేణువులకీ తిత్తి వాయిద్యాలకీ గంతులేస్తారు. అప్పుడు నొప్పులు మొదలవుతాయి. మంత్రసానులు పరుగెత్తుకొస్తారు. చేతికి ఏదో తగిలింది, బిడ్డే అనుకున్నారు. కాదు. అతిగా తిన్న బోటీ వల్ల ఆమె పేగే జారి బయటికొచ్చింది. ఒక ముసలి మంత్రసాని బిగించే మందు ఒకటి ఇస్తుంది. అది ఎంత ఘాటు మందంటే కింద దారులన్నీ మూసుకుపోతాయి. ఇక బిడ్డకి మిగిలింది పైదారే. గర్భాశయం నుంచి ఎగిరి పెద్ద సిరలోకి దూరి, ఉదరవితానం దాటి, భుజాల దగ్గర ఆ సిర రెండుగా చీలేచోట ఎడమకి తిరిగి, చెవిలోంచి బయటపడతాడు.

గమనించారా, అసాధ్యమైన ప్రయాణానికి శరీర శాస్త్రం తెలిసినవాడు గీసిన రూట్ మ్యాప్ అది. మాయతో చెవిలోంచి పుట్టించే కథలు చాలా ఉన్నాయి. ఏ రక్తనాళం ఎక్కడ చీలుతుందో చెప్పి మరీ పుట్టించినవాడు రబలే.

ఈ ఘట్టంలో ఒక్క క్షణం పాటు ఎద్దు పేగు ఏది, తల్లి పేగు ఏది, బిడ్డ ఏది అని మంత్రసానులకి తెలియదు. మనకీ తెలియదు. తిన్నదీ తిన్నవాళ్ళూ కలిసిపోయారు. చచ్చిన పశువులూ పుట్టబోయే బిడ్డా ఒకే కడుపులో ఉన్నారు. గ్రొటెస్క్ అంటే వికృతంగా ఉండటం అని మామూలుగా చెప్తుంటారు. నా దృష్టిలో అసలు విషయం ఇదే: ఒంటికీ లోకానికీ మధ్య గీత చెరిగిపోవడం. గ్రీకు శిల్పం చూడండి, నున్నగా, ముగిసిపోయినట్టు ఉంటుంది. నోరు మూసుకుని ఉంటుంది. పొట్ట బిగుతుగా ఉంటుంది. ఆ శరీరం తినదు, కనదు, ముసలిదవదు. రబలే శరీరం ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది. నోరు, ముక్కు, పొట్ట, మర్మాంగాలు, అంటే లోకం లోపలికి వచ్చే దారులూ మనం బయటికి పోయే దారులూ అన్నీ అక్కడ పెద్దవే.

ఇప్పుడు పండగ సంగతికి వద్దాం. అన్ని ఎడ్లని అప్పుడే ఎందుకు కోయించారు?

యూరప్ క్యాథలిక్ దేశాల్లో ఈస్టర్‌కి ముందు నలభై రోజులు ఉపవాస కాలం. అప్పట్లో ఆ రోజుల్లో మాంసం ముట్టకూడదు. మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో భస్మ బుధవారం, శ్రమల కాలం అనే మాటలు వింటుంటాం కదా, అదే. ఆ బుధవారానికి ముందు మంగళవారం మార్డీ గ్రా, కొవ్వు మంగళవారం. అంతకు ముందు రోజులన్నీ కార్నివాల్. తినగలిగినంత తినడం, వేషాలు వేయడం, పిచ్చివాణ్ణి రాజుని చేయడం, మగవాళ్ళు ఆడవేషంలో, కుర్రవాళ్ళు బిషప్పుల వేషంలో ఊరేగడం. జర్మనీలో న్యూరెంబర్గ్ నగరంలో వేషగాళ్ళ ఊరేగింపు 15వ శతాబ్దం మధ్య నుంచి 1539 దాకా నడిచింది. అదే ఊళ్ళో హాన్స్ సాక్స్ అనే చెప్పులు కుట్టే వృత్తివాడు ఈ పండక్కి హాస్య నాటికలు రాశాడు. మూర్ఖులందర్నీ ఓడ ఎక్కించిన సెబాస్టియన్ బ్రాంట్ కావ్యం 1494లో బాసెల్‌లో సరిగ్గా కార్నివాల్ వేళకే అచ్చయి వచ్చింది.

మన జాతరలతో, పగటివేషాలతో పోల్చాలని మీలో కొందరికి అనిపిస్తుండొచ్చు. నేను ఆ పోలిక జోలికి పోను. ఎదురుగా నలభై రోజుల పస్తు నిలబడి ఉందన్న ఎరుక లేకుండా కార్నివాల్ అర్థం కాదు. 1559లో పీటర్ బ్రూగెల్ వేసిన బొమ్మ ఒకటి వియన్నా మ్యూజియంలో ఉంది. ఒక పక్క బానపొట్ట మనిషి పీపా మీద గుర్రమెక్కినట్టు కూర్చున్నాడు, చేతిలో పందితలకాయ గుచ్చిన ఇనపచువ్వ, నెత్తిన మాంసం కూరిన రొట్టె. ఎదురుగా బక్కచిక్కిన మనిషి, రొట్టెలు కాల్చే పొడుగాటి చెక్కగరిట మీద రెండు చేపలు. అతనే ఉపవాసం. ఇద్దరూ ద్వంద్వ యుద్ధానికి దిగారు. ఎవరు గెలుస్తారో చూసేవాళ్ళకి తెలుసు. ప్రతి ఏడూ బక్కవాడే గెలుస్తాడు, నలభై రోజుల తర్వాత అతనూ పోతాడు. బొమ్మలో నాకు ఇష్టమైంది ఆ ఇద్దరూ కాదు. చుట్టూ వందకు పైగా మనుషులు ఎవరి పనిలో వాళ్ళున్నారు. రొట్టెలు వేస్తున్నవాళ్ళు, చేపలమ్మేవాళ్ళు, కాళ్ళు లేని బిచ్చగాళ్ళు. యుద్ధం వాళ్ళ మధ్యలోనే జరుగుతోంది.

చర్చి ఈ పండగల్ని ఎప్పుడూ మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు. 1445లో పారిస్ మతశాస్త్ర పండితులు పిచ్చివాళ్ళ పండగని ఖండిస్తూ ఒక లేఖ పంపారు. చిన్న గురువులు చర్చిలోనే వేషాలేసుకుని ఆడవాళ్ళ బట్టల్లో గంతులేసే పండగ అది. ఆ లేఖలోనే పండగని వెనకేసుకొచ్చేవాళ్ళ వాదన కూడా ఉంది: ద్రాక్షసారా పీపాలకి అప్పుడప్పుడు మూత తీసి గాలి ఆడనివ్వకపోతే అవి పగిలిపోతాయి, మనుషులూ అంతే. ఖండించినవాళ్ళ పుణ్యమా అని ఆ వాదన మనదాకా వచ్చింది. ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. గాలి పోతే పీపా భద్రంగా ఉంటుంది. అంటే ఏడాదికోసారి రాజుని ఎగతాళి చేయనిస్తే మిగతా రోజులు అతని గద్దె మరింత గట్టిపడుతుంది. కార్నివాల్ తిరుగుబాటా, తిరుగుబాటు రాకుండా కట్టిన కాలువా? ఈ గొడవ ఇప్పటికీ తెగలేదు.

ఈ గొడవని మన కాలానికి తెచ్చినవాడు మిఖాయిల్ బఖ్తిన్. 1895లో రష్యాలో ఒర్యోల్ పట్టణంలో పుట్టాడు. 1928 చివర్లో అరెస్టు చేశారు, తర్వాత కజకిస్తాన్‌లోని కుస్తనాయ్‌కి ప్రవాసం పంపారు. ఎముక జబ్బుతో 1938లో ఒక కాలు తీసేశారు. ఆ ఒంటితో, ఆ టెన్షన్‌లో, స్టాలిన్ రోజుల్లో కూర్చుని రబలే మీద పరిశోధన గ్రంథం రాశాడు. 1940కి పూర్తయింది. యుద్ధం వచ్చింది. 1946 నవంబర్‌లో మాస్కోలో పండితుల ముందు దాన్ని సమర్థించుకున్నాడు. హాలు రెండుగా చీలింది. పెద్ద డాక్టరేట్ ఇవ్వాలని కొందరు, అసలు వద్దని కొందరు. చివరికి 1952లో కింది డిగ్రీతో సరిపెట్టారు. సరాన్స్క్ అనే మారుమూల ఊళ్ళో పాఠాలు చెప్పుకుంటూ ఉంటే, 1960ల మొదట్లో మాస్కో నుంచి ముగ్గురు కుర్ర పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చారు, ఆయన ఇంకా బతికే ఉన్నాడని తెలుసుకుని. వాళ్ళ పట్టుదలతో 1965లో పుస్తకం అచ్చయింది.

జనం నవ్వు భయాన్ని జయిస్తుందని బఖ్తిన్ రాశాడు. ఎవరి భయం, ఎప్పటి భయం అని ఆయన చెప్పలేదు. చెప్పగలిగిన రోజులు కావవి. ఆ పేజీల్లో 16వ శతాబ్దం గురించి చదువుతున్నామా 1930ల గురించి చదువుతున్నామా అని నాకు చాలాసార్లు అనుమానం వస్తుంది. ఆ పుస్తకమంటే నాకు గౌరవం. దానిలోని అన్ని మాటల్లోకీ నాకు విలువైనది ఒకటుంది: కార్నివాల్ నవ్వులో నవ్వేవాడు గట్టు మీద నిలబడి నవ్వడు, తనూ ఆ నవ్వులో భాగమే. వెక్కిరించే రచయిత తను మాత్రం శుభ్రంగా ఉండి ఎదుటివాడి మురికిని చూపిస్తాడు. కార్నివాల్‌లో ఎవరూ శుభ్రంగా లేరు. అందరికీ పొట్ట ఉంది, అందరూ చస్తారు.

రబలేలో దీనికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదనిపించే ఘట్టం 'పాంటగ్రుయెల్' మూడో అధ్యాయం. చెవిలోంచి పుట్టిన గార్గాంటువాకి ఇప్పుడు 524 ఏళ్ళు. అతనికి కొడుకు పాంటగ్రుయెల్ పుట్టాడు. బిడ్డ మరీ పెద్దవాడు కావడంతో కానుపులోనే తల్లి బాదెబెక్ చనిపోయింది. ఒక చేతిలో కొడుకు, ఎదురుగా భార్య శవం. ఏడవాలా, నవ్వాలా? తను నేర్చిన తర్కశాస్త్రమంతా వాడి రెండువైపులా వాదించుకుంటాడు. గొంతులో వాదనలున్నాయి కానీ తేలదు, బోనులో చిక్కిన ఎలకలా కొట్టుకుంటాడు. ఆవులా బావురుమని ఏడుస్తాడు. నా బుజ్జి భార్యా, నా ముద్దుల చెప్పూ అని పిలుస్తాడు. ఉన్నట్టుండి కొడుకు గుర్తొస్తాడు, దూడలా నవ్వుతాడు. ఓహో నా చిట్టి కొడుకా, ఎంత బాగున్నావురా, వైన్ తేండ్రా, మంచి బట్ట పరవండి, కుక్కల్ని తోలండి, మంట రాజేయండి అని కేకలు. ఇంతలో బయట గురువులు శవాన్ని తీసుకుపోతూ చదివే ప్రార్థన వినపడుతుంది, మళ్ళీ ఏడుపు. చివరికి మంత్రసానులతో అంటాడు, మీరు వెళ్ళి ఆమెని సాగనంపి రండి, నేనిక్కడ బిడ్డని ఊపుతూ ఉంటాను, నాకేమో ఒంట్లో బాగాలేదు, దాహంగా ఉంది అని.

ఇది చదివి నవ్వొస్తుంది. నవ్వుతూండగానే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఆ కాలంలో కానుపులో భార్యల్ని పోగొట్టుకున్న మగవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉండేవాళ్ళు. ఆసుపత్రి డాక్టరు అయిన రబలే ఎన్ని చూశాడో. దుఃఖాన్ని ఆయన తక్కువ చేయలేదు. చావూ పుట్టుకా ఒకే గదిలో, ఒకే గంటలో జరిగితే మనిషి మొహం ఎలా ఉంటుందో చూపించాడు. ఆవు, దూడ అనే మాటలు లేకుండా ఇదే సంగతి గంభీరంగా రాస్తే ఇంత నిజంగా ఉండేది కాదని నా నమ్మకం.

రోగుల విషయమూ అంతే. 'గార్గాంటువా' ముందుమాట మొదలయ్యేదే "ఘనత వహించిన తాగుబోతులారా, అతి విలువైన సుఖరోగులారా" అన్న పిలుపుతో. అప్పట్లో సిఫిలిస్ యూరప్‌కి కొత్త మహమ్మారి. ఒళ్ళంతా పాదరసం లేపనం పూసి, వేడి గదుల్లో చెమట పట్టించేవాళ్ళు. 'పాంటగ్రుయెల్' ముందుమాటలో ఆ రోగుల్ని చూపిస్తాడు: లేపనం జిడ్డుతో మొహాలు వంటసామాన్ల గది తాళంకప్పలా నిగనిగలాడుతున్నాయి, పళ్ళు వాయిస్తున్న ఆర్గాన్ మెట్లలా ఎగురుతున్నాయి, నోట్లోంచి నురగ. ఆ బాధలో వాళ్ళకున్న ఒకే ఊరట ఈ మహాకాయుల కథలు ఎవరైనా చదివి వినిపించడం అంటాడు. ఈ వర్ణనలో జాలి మాట ఒక్కటీ లేదు, అసహ్యమూ లేదు. పక్కన కూర్చుని ఆ రోగినే నవ్వించాలని చూస్తున్న డాక్టరు గొంతు అది. 1552లో నాలుగో పుస్తకం ముందు రాసిన లేఖలో ఆయన ఇదే సంగతి సూటిగా చెప్పాడు. హిప్పోక్రటీస్‌ని ఆధారం చేసుకుని, వైద్యుడి మొహం ఉల్లాసంగా ఉండాలని, తను ఈ కథలు జబ్బుపడ్డవాళ్ళ కోసమే రాశానని.

1537లో ఆయన ల్యోన్‌లో ఉరితీసిన మనిషి శవాన్ని జనం ముందు కోసి పాఠం చెప్పాడు. అది చూసిన మిత్రుడు ఎత్యెన్ దోలే శవమే మాట్లాడుతున్నట్టు లాటిన్‌లో పద్యం రాశాడు, అవమానంతో చావాల్సిన నాకు ఇంత గౌరవం దక్కింది అంటుంది ఆ శవం. అదే దోలే తర్వాత రబలేని పెద్ద చిక్కులో పెట్టాడు. మతపండితుల మీద వేసిన ఎత్తిపొడుపుల్ని 1542లో రబలే తనే మెత్తబరిచి కొత్త ముద్రణ వేసుకున్నాడు. దోలే అడక్కుండా పాత ఘాటు పాఠాన్నే అచ్చేసి అమ్మాడు. రబలేకి ఒళ్ళు మండింది, మండాల్సిందే. 1546లో దోలేని పారిస్‌లో చంపి, పుస్తకాలతో సహా కాల్చేశారు. ఈ నవ్వుకి ఎదురుగా ఏముందో మనం మర్చిపోకూడదు.

ఇక్కడిదాకా నేను నవ్వుని పొగిడాను. ఇప్పుడు రెండో పక్క.

బఖ్తిన్ తన జనాన్ని మరీ మంచివాళ్ళుగా ఊహించుకున్నాడు. రోమ్ కార్నివాల్‌లో 1466 నుంచి, రెండో పాల్ పోప్ కాలంలో, యూదుల చేత పరుగు పందేలు తీయించేవాళ్ళు. చూసే గుంపు వాళ్ళని హేళన చేసేది, రానురాను అది మరీ క్రూరంగా తయారైంది. 1668 దాకా రెండు వందల ఏళ్ళు అది సాగింది. పండగ అదే, వీధి అదే, నవ్వూ ఉంది. కానీ నవ్వేవాళ్ళు ఒక పక్క, నవ్వులపాలయ్యేవాళ్ళు ఇంకో పక్క.

ఫ్రాన్స్ ఆగ్నేయాన రోమాన్ అనే ఊళ్ళో 1580 కార్నివాల్ ఇంకా ఘోరంగా ముగిసింది. పన్నుల భారంతో విసిగిన చేతివృత్తులవాళ్ళూ రైతులూ ఒకవైపు, ఊరి సంపన్నులు ఒకవైపు. చేతివృత్తులవాళ్ళకి నాయకుడు పోమియే అనే బట్టల తయారీదారు. రెండు వర్గాలూ వేరువేరు జంతువుల పేర్లతో పండగ రాజ్యాలు పెట్టుకున్నాయి. కత్తులు పట్టుకుని వీధుల్లో ఆడారు. క్రైస్తవుల మాంసం అణాకానీకి అమ్ముతాం అని పేదవాళ్ళు అరిచారని గెరాన్ అనే న్యాయాధికారి రాసిపెట్టాడు. ఆయన సంపన్నుల పక్షం. మార్డీ గ్రా ముందు రాత్రి ఆయన మనుషులే పోమియేని చంపారు, తర్వాత రోజుల్లో చాలామందిని ఉరితీశారు. ఆ రాత పూర్తిగా నమ్మదగిందా అని మనం అడగాలి, ఎందుకంటే చంపినవాడే చరిత్ర రాశాడు. అయినా ఒక సంగతి మాత్రం స్పష్టం. ఆ వేషాల కింద ఎవరికి ఎవరి మీద కసి ఉందో ఊరందరికీ తెలుసు.

రబలేలోనూ ఆ ముల్లు ఉంది. పాంటగ్రుయెల్ స్నేహితుడు పనూర్జ్ పారిస్‌లో ఒక గొప్పింటి ఆవిడ వెంటపడతాడు. ఆమె కాదంటుంది. పగ పట్టి, పండగ రోజు చర్చిలో ఆమె బట్టల మీద ఎదకొచ్చిన ఆడకుక్క వాసన చల్లుతాడు. ఊళ్ళోని కుక్కలన్నీ ఆమె మీద పడి తడిపేస్తాయి. ఆ తమాషా చూడమని పాంటగ్రుయెల్‌ని కూడా పిలుస్తాడు. బఖ్తిన్ దీన్నీ పండగ లెక్కలోనే వేశాడు. అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్ 1982లో అభ్యంతరం చెప్పాడు, ఈ నవ్వులో ఆడవాళ్ళకి చోటెక్కడుంది అని. నేను బూత్ పక్షమే. బాదెబెక్ ఘట్టంలో గార్గాంటువా తనే నవ్వుకి వస్తువు. ఇక్కడ పనూర్జ్ పక్కన నిలబడి చూస్తున్నాడు. ఆవిడ పరుగెత్తి ఇంట్లో తలుపేసుకుంటుంది, ఆ తలుపు వెనక ఏం జరిగిందో రబలే రాయలేదు. ఒకే పుస్తకంలో, కొన్ని పేజీల తేడాలో ఈ రెండూ ఉన్నాయి. మొదటిది నాకు కావాలి, రెండోదాన్ని మొదటిదాని పేరు చెప్పి నేను సమర్థించను. ఆ కాలమే అంత అనేవాళ్ళకి ఒక్క మాట: బాదెబెక్ ఘట్టం రాసిందీ ఆ కాలంలోనే.

షేక్స్‌పియర్ విషయం వేగంగా చెప్పి ముగింపుకి వస్తాను, ఆయనకి వేరే రోజు కావాలి. నాలుగో హెన్రీ నాటకాల్లో ఫాల్‌స్టాఫ్ అంటే నడిచొచ్చే మార్డీ గ్రా. లావుపాటి ముసలాడు, తాగుబోతు, అబద్ధాలకోరు, తన పొట్ట మీద తనే జోకులేసుకుంటాడు. సత్రంలో అతనూ అతని స్నేహితుడు యువరాజు హాలూ ఆటగా రాజూ కొడుకూ వేషం కడతారు. లావుపాటి జాక్‌ని, అంటే తనని, వెళ్ళగొడితే లోకాన్నే వెళ్ళగొట్టినట్టు అని ఫాల్‌స్టాఫ్ బతిమాలతాడు. వెళ్ళగొడుతున్నాను, వెళ్ళగొడతాను అంటాడు యువరాజు హాల్. హాల్‌కి అంతకు ముందే తెలుసు, ఏడాదంతా సెలవులైతే ఆటా పనంత విసుగే అని తనలో అనుకుని ఉన్నాడు. రాజయ్యాక నడివీధిలో, ముసలాడా, నువ్వెవరో నాకు తెలియదు అంటాడు. అంటే షేక్స్‌పియర్ పండగ తర్వాతి భస్మ బుధవారాన్ని కూడా రంగం మీదికి తెచ్చాడు. రబలేలో ఆ బుధవారం ఎప్పటికీ రాదు.

మీలో ఎవరైనా రబలేని చదవాలనుకుంటే మొదటి పేజీ నుంచి మొదలుపెట్టొద్దు. పాత చట్టం, పాత వైద్యం, లాటిన్ జోకులు అడ్డం వచ్చి వదిలేస్తారు. 'పాంటగ్రుయెల్' 32వ అధ్యాయం తీయండి. నాలుగైదు పేజీలే. సైన్యం మీద వాన పడుతోంది. పాంటగ్రుయెల్ నాలుక కాస్త చాపి, కోడి తన పిల్లల్ని కప్పినట్టు అందర్నీ కప్పుతాడు. కథ చెప్పే అల్కోఫ్రిబాస్‌కి కింద చోటు దొరకదు. నాలుక మీదికెక్కి నడుచుకుంటూ నోట్లోకి పోతాడు. అక్కడ కొండల్లాంటి పళ్ళు, పెద్ద పచ్చికబయళ్ళు, అడవులు, ల్యోన్ అంత నగరాలు. మొదట కనిపించిన మనిషి క్యాబేజీ నాటుతున్నాడు. ఏం చేస్తున్నావయ్యా? క్యాబేజీ నాటుతున్నా. ఎందుకు? అందరం డబ్బున్నవాళ్ళం కాలేం కదండీ, ఇది నాటి, వెనకున్న పట్నంలో సంతకి తీసుకెళ్ళి అమ్ముకుంటా. ఇక్కడో కొత్త ప్రపంచం ఉందా! కొత్తదేం కాదండి, ఇక్కడికి బయట ఇంకో కొత్త నేల ఉందట, దానికి సూర్యుడూ చంద్రుడూ ఉంటారట, కానీ మాదే పాతది.

కొలంబస్ సముద్రం దాటి నలభై ఏళ్ళయింది అప్పటికి. కొత్త ప్రపంచం కనుక్కున్నాం అని యూరప్ అంతా గొంతెత్తి చెప్తున్న రోజుల్లో, మాది పాతది, మీదే కొత్తదట అని ఒక క్యాబేజీ రైతు చేత అనిపించాడు రబలే. ఎరిక్ అవుర్‌బాక్ అనే జర్మన్ పండితుడు ఈ ఒక్క అధ్యాయం మీదే గొప్ప వ్యాసం రాశాడు. నోట్లో ఇంకో లోకం ఉండటం కంటే, ఆ లోకం మన ఊరంత మామూలుగా ఉండటమే అసలు వింత అని ఆయన పట్టుకున్నాడు. పాంటగ్రుయెల్ గొంతులోని నగరాల్లో మహమ్మారి వచ్చింది. కారణమేమిటని విచారిస్తే, పాంటగ్రుయెల్ ఈ మధ్య వెల్లుల్లి పచ్చడి మెండుగా తిన్నాడు, ఆ ఆవిరి. డాక్టరు మళ్ళీ కనిపించాడు చూశారా.

ఆరు నెలలకి అల్కోఫ్రిబాస్ గడ్డం మీదుగా కిందికి దిగుతాడు. యజమాని అడుగుతాడు, ఇన్నాళ్ళూ ఎక్కడున్నావ్? మీ గొంతులోనే ప్రభూ. ఏం తిన్నావ్, ఏం తాగావ్? మీరు తిన్నదే, మీ గొంతు దాటే రుచైన ముద్దలన్నిటి మీదా సుంకం వసూలు చేశాను. మరి దొడ్డికి ఎక్కడ వెళ్ళావ్? మీ గొంతులోనే ప్రభూ.

అంత పెద్ద రాజు, అంత మాట విని ఏం చేశాడనుకున్నారు? పడీ పడీ నవ్వాడు. మంచి సరదా మనిషివయ్యా నువ్వు అని, సాల్మిగోందాన్ అనే కోట మీద అధికారం రాసిచ్చాడు.